పూటకూళ్ళ ఇల్లు, గొలుసు హోటలు: పరదేశంలో విద్యార్థి భోజనం

తెలుగులో ‘పూటకూళ్ళ ఇల్లు’ అనే చక్కని మాట ఉంది. సొమ్ము పుచ్చుకొని బాటసారికి ఒక పూట కూడు పెట్టే ఇల్లు అని దాని అర్థం. కాకతీయుల నాటి ఓరుగల్లును వర్ణించే ‘క్రీడాభిరామం’లో ఒక రూకకు దొరికే పూటకూటి భోజనం ప్రస్తావన ఉంది. మంచి బియ్యపన్నం, గోధుమ పిండివంట, పెసరపప్పు, నెయ్యి, అరటిపండ్లు, గడ్డపెరుగు ఆ విస్తట్లో కనిపిస్తాయి. గురజాడ ‘కన్యాశుల్కం’లో పూటకూళ్ళమ్మ ఒక పాత్రే అయింది. పూటకూళ్ళ ఇంట్లో వండేవారెవరో తినేవారికి తెలుసు. తినేవాడు ఏ ఊరివాడో, ఎవరింటికి వచ్చాడో వండేవారూ అడిగి తెలుసుకుంటారు. అన్నంతో పాటు ఊరి సమాచారం కూడా అక్కడ దొరికేది.

ఈ మాట ఇప్పుడు వాడుకలో లేకపోయినా అది చెప్పే వస్తువు మీ ఊళ్ళలో వేరువేరు పేర్లతో ఉంది. తమిళనాడులో అది ‘మెస్’. ఉత్తర కర్ణాటకలో ‘ఖానావళి’, మహారాష్ట్రలో ‘ఖానావళ్’. మాంసాహారం దొరికేదైతే దక్షిణ కర్ణాటకలో ‘మిలిటరీ హోటలు’. నిలబడి తిని పోయే చోటుకు బెంగుళూరులో ‘దర్శిని’ అని పేరు. ఇంట్లో తెలుగు మాట్లాడి, వీధి మలుపులోని హోటల్లో మరో భాషలో ఇడ్లీ అడగటం మీకు చిన్ననాటి నుంచి అలవాటు. ఈ అలవాటు పరదేశంలో ఎంత అక్కరకు వస్తుందో చూపటం ఈ వ్యాసం ఉద్దేశాల్లో ఒకటి.

పై చదువుకు విదేశం వెళ్ళిన విద్యార్థికి మొదటి వారంలోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఇక్కడ కూడా తెలిసిన పేరు గల అంతర్జాతీయ హోటల్లో తినాలా, పేరు కూడా చదవలేని స్థానికుల చిన్న హోటల్లో తినాలా? చాలామంది దీన్ని రుచికి, ధరకు సంబంధించిన ప్రశ్నగా చూస్తారు. లోతుకు వెళ్తే ఇది మాటకు సంబంధించిన ప్రశ్న. మొదటిది మన దగ్గర నుంచి ఒక్క మాట కూడా కోరదు. రెండోది మాట కోరుతుంది, బదులుగా ఆ ఊళ్ళో మనకొక చోటిస్తుంది. రెండింటికీ వాటి వాటి ప్రయోజనం ఉంది. అయితే మొదటిదానితోనే మూడేళ్ళు గడిపి తిరిగివచ్చిన విద్యార్థి ఆ దేశంలో ఉన్నాడే గాని, ఆ ఊళ్ళో ఉన్నాడని చెప్పలేం.

ఒకే యజమాన్యం కింద, ఒకే పేరుతో, ఒకే పద్ధతిలో అనేక చోట్ల నడిచే హోటళ్ళను ఇంగ్లీషులో ‘చైన్’ అంటారు. తెలుగులో ‘గొలుసుకట్టు చెరువులు’ అనే ప్రయోగం ఉంది కాబట్టి, ఈ వ్యాసంలో వాటిని ‘గొలుసు హోటళ్ళు’ అందాం. మరో చిన్న హెచ్చరిక. మన భాషల్లో హోటలంటే తినే చోటు. విదేశాల్లో చాలాచోట్ల అది బస చేసే చోటు మాత్రమే. అన్నం కోసం హోటలుకు దారి అడిగితే మిమ్మల్ని గదులు అద్దెకిచ్చే భవనం ముందు నిలబెడతారు.

గొలుసు ఎలా అల్లారు?

రిచర్డ్, మారిస్ మెక్డొనాల్డ్ అనే అన్నదమ్ములు 1940లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, శాన్ బెర్నార్డినోలో ఒక హోటలు పెట్టారు. వ్యాపారం బాగానే సాగింది. అయినా 1948లో వారు దాన్ని కొంతకాలం మూసి, పద్ధతి పూర్తిగా మార్చి మళ్ళీ తెరిచారు. వంటకాల సంఖ్య బాగా తగ్గించారు. పళ్ళేలు, చెంచాలు తీసేసి కాగితపు పొట్లాలు పెట్టారు. వడ్డించేవారిని తొలగించి, వచ్చినవారే కిటికీ దగ్గర నిలబడి తీసుకొనేటట్టు చేశారు. వంటను చిన్న చిన్న పనులుగా విడదీసి ఒక్కొక్కరికి ఒక్కొక్క పని అప్పగించారు. కార్ల కర్మాగారంలో అమలయ్యే పద్ధతి వంటింట్లోకి వచ్చింది.

రే క్రాక్ అనే వ్యాపారి ఈ పద్ధతిని దేశమంతటా వ్యాపింపజేయటానికి పూనుకొని 1955లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని డెస్ ప్లెయిన్స్‌లో తన మొదటి శాఖ తెరిచాడు. 1961లో అన్నదమ్ముల నుంచి సంస్థను కొనేశాడు. శాఖలు నడిపేవారికి శిక్షణ ఇవ్వటానికి అదే ఏడాది ఒక బడి కూడా పెట్టారు. కెంటకీ ఫ్రైడ్ చికెన్ మొదటి శాఖ అంతకు ముందే, 1952లో, సాల్ట్ లేక్ సిటీలో మొదలైంది. శాఖ పెట్టేవాడు తన డబ్బు పెడతాడు. పేరు, పద్ధతి, సరుకుల నాణ్యత మాత్రం మూలసంస్థ నిర్ణయిస్తుంది. అందుకు అతను రుసుము చెల్లిస్తాడు. ఈ ఒప్పందానికే ‘ఫ్రాంచైజ్’ అని పేరు.

అమెరికా సమాజశాస్త్రవేత్త జార్జ్ రిట్జర్ 1993లో వెలువరించిన గ్రంథంలో ఈ పద్ధతికి నాలుగు లక్షణాలు చెప్పాడు: వేగంగా పని జరగటం, ప్రతిదాన్నీ కొలిచి లెక్కించటం, ఏం దొరుకుతుందో ముందే తెలిసి ఉండటం, మనిషి చేతివాటానికి చోటు లేకుండా అదుపు చేయటం. వీటిలో మూడోదే కొత్తగా దిగిన విద్యార్థిని లోపలికి పిలుస్తుంది. భాష రాదు, డబ్బు లెక్క ఇంకా తెలియదు, ఆకలిగా ఉంది. గోడ మీద బొమ్మలున్నాయి, బొమ్మల కింద అంకెలున్నాయి. వేలు చూపిస్తే చాలు. ఇప్పుడు చాలాచోట్ల వేలు చూపటానికి ఎదురుగా మనిషి కూడా అక్కరలేదు, తాకితే పనిచేసే తెర ఉంటుంది. కాఫీ అమ్మే కొన్ని గొలుసుల్లో మన పేరు అడుగుతారు గాని, అది కప్పు మీద రాయటానికి.

ఈ సౌకర్యాన్ని తక్కువ చేయకూడదు. హార్వర్డ్ మానవశాస్త్రవేత్త జేమ్స్ వాట్సన్ సంపాదకత్వంలో 1997లో వచ్చిన ‘గోల్డెన్ ఆర్చెస్ ఈస్ట్’ అనే గ్రంథం తూర్పు ఆసియాలోని బీజింగ్, హాంకాంగ్, తైపే, సోల్ నగరాల్లోనూ జపాన్‌లోనూ మెక్డొనాల్డ్స్‌ను జనం ఎలా వాడుకుంటున్నారో పరిశీలించింది. హాంకాంగ్‌లో ఇరుకిళ్ళ పిల్లలు బడి అయ్యాక అక్కడ కూర్చొని చదువుకునేవారు. మద్యం అమ్మని చోటు కాబట్టి స్త్రీలు నిశ్చింతగా కూర్చోగలిగేవారు. త్వరగా తిని పొమ్మని పెట్టిన చోటును అక్కడివారు తీరిగ్గా కూర్చునే చోటుగా మార్చుకున్నారు. గొలుసు హోటలుకు కూడా ఊరి గుణం కొంత అంటుకుంటుందన్నమాట.

‘అంతటా ఒకటే’ ఎంతవరకు నిజం?

గొలుసు హోటలు అమ్మే అసలు సరుకు ‘అంతటా ఒకటే’ అన్న నమ్మకం. ఆ నమ్మకాన్ని కూడా పరీక్షించి తీరాలి. మెక్డొనాల్డ్స్ 1996లో భారతదేశంలో ఢిల్లీ, ముంబాయిలలో మొదలైనప్పుడు ఎద్దుమాంసం, పందిమాంసం లేకుండానే మొదలైంది. బంగాళదుంప టిక్కీ, శాకాహారానికి వేరే వంటస్థలం ఈ దేశం కోసం చేసిన ఏర్పాట్లు. ఇక్కడ ఆ పేరుకు అలవాటుపడిన విద్యార్థి అమెరికా వెళ్ళి అదే పేరు చూసి, అదే తిండి అనుకోవటం సహజం.

ఈ అనుకోవటంలో ఉన్న ప్రమాదం 2001లో బయటపడింది. అమెరికాలో ఆ సంస్థ 1990 దాకా బంగాళదుంప వేపుళ్ళను పశువుల కొవ్వు కలిసిన నూనెలో వేయించేది. 1990లో వనస్పతి నూనెకు మారుతున్నట్టు ప్రకటించింది. శాకాహారులు నిశ్చింతగా తినసాగారు. కాని రుచి కోసం ఆ దుంపలకు గొడ్డుమాంసపు సారం కొద్దిగా కలుపుతూనే ఉన్నారు. 2001లో సియాటిల్‌లో దీనిపై వ్యాజ్యం దాఖలైంది. 2002లో సంస్థ క్షమాపణ చెప్పి, శాకాహార, హిందూ, ఇతర సంఘాలకు కోటి డాలర్లు ఇవ్వటానికి ఒప్పుకుంది. భారతదేశంలోని శాఖల్లో అలాంటి సారం వాడటంలేదని సంస్థ తెలిపింది. పేరు ఒకటే, దుంప ఒకటే, దేశాన్ని బట్టి లోపలిది వేరు. నియమంగా తినేవారు గొలుసు హోటల్లోనైనా అడిగి తీరాలని దీనివల్ల తేలుతున్నది. అయితే కౌంటరు వద్ద నిలబడ్డ పిల్లవాడికి సమాధానం తెలియకపోవచ్చు, ఎందుకంటే అతను వండలేదు. వంట మరెక్కడో జరిగింది.

సింగపూరు వీధి నుంచి కప్పు కిందికి

ఇక రెండో పక్షం. స్థానికుల చిన్న హోటళ్ళు ఎలా పనిచేస్తాయో తెలుసుకోవటానికి సింగపూరు మంచి ఉదాహరణ. మన దేశపు విద్యార్థులు చదువుకు వెళ్ళే ఊరది. మెక్డొనాల్డ్స్ 1979లోనే ఆర్చర్డ్ రోడ్డులో శాఖ తెరిచిన ఊరూ అదే. అయినా చిన్న అంగళ్ళ తిండి అక్కడ ఇప్పటికీ జనజీవనానికి మధ్యలో ఉంది.

ఆ చిన్న అంగడివారిని అక్కడ ‘హాకర్లు’ అంటారు. కావడి మోసుకుంటూ, తోపుడుబండి నెట్టుకుంటూ వీధిలో అమ్మినవారు. చైనా నుంచి, మలయా నుంచి, జావా నుంచి, దక్షిణ భారతం నుంచి వచ్చినవారు తమ తమ తిండిని తోటివారికి అమ్మి బతికారు. వీధిలో నీటి వసతి లేదు, కసువు మురుగుకాలువల్లోకి పోయేది. ప్రభుత్వం 1968, 1969లలో సుమారు 18,000 మంది వీధి హాకర్ల పేర్లు నమోదు చేసింది. 1971 నుంచి 1986 దాకా కుళాయి, కరెంటు, మురుగు వసతి గల కప్పుల కిందికి వారిని తరలించింది. వీటినే ‘హాకర్ సెంటర్లు’ అంటారు. ఒక కప్పు కింద పదులకొద్దీ చిన్న అంగళ్ళు, మధ్యలో అందరికీ ఉమ్మడి బల్లలు. ఇప్పుడు ఆ నగరంలో వందకు పైగా ఇలాంటివి ఉన్నాయి. ఈ హాకర్ సంస్కృతిని 2020 డిసెంబరులో యునెస్కో మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ పట్టికలో చేర్చింది.

హాకర్ అంగడి ఆర్థికం గొలుసు హోటలుకు సరిగ్గా వ్యతిరేకం. అంగడి కొద్ది చదరపు గజాలు. వండేది తరచుగా ఒకటో రెండో వంటకాలు. దంపతులో, తండ్రీకొడుకులో నడుపుతారు. తెల్లవారకముందే పులుసు కాచటం మొదలవుతుంది, సరుకు అయిపోగానే తలుపు మూస్తారు. ఒకే వంటకం ముప్ఫై ఏళ్ళు వండిన చేయి కాబట్టి నాణ్యత నిలుస్తుంది. ఆ నాణ్యత చేతిలో ఉంది, పుస్తకంలో లేదు. చేయి ఆగితే వంట ఆగుతుంది.

దక్షిణ భారతీయులకు పరిచితమైన చోటు లిటిల్ ఇండియాలో బఫెలో రోడ్డు పక్కనున్న టెక్కా సెంటరు. ‘టెక్కా’ అన్నది హోక్కియన్ చైనీయుల మాట, వెదురుపొదల దాపు అని అర్థం. మలయ్ వారు ఆ పేటను ‘కండాంగ్ కెర్బావ్’ అన్నారు, అంటే గేదెల దొడ్డి. ఒక పేటకు మూడు భాషల జ్ఞాపకాలున్నాయి. అక్కడ ‘తోసై’ అని రాసివుంటే అది మన దోసె. ‘ప్రాటా’ అంటే పరోటా. దగ్గర్లోనే సిరంగూన్ రోడ్డులో కోమలవిలాస్ అనే శాకాహార భోజనశాల 1947లో మొదలైంది.

అక్కడి భారతీయ వంటలన్నీ ఇక్కడి నుంచి తీసుకుపోయినవే అనుకోరాదు. ‘చేపతల కూర’ సింగపూరులో పుట్టింది. 1950 ప్రాంతంలో కేరళ నుంచి వచ్చిన ఒక హోటలు యజమాని, చేపతలను ఇష్టంగా తినే చైనీయుల కోసం దాన్ని మలయాళపు పులుసులో వండాడని ప్రసిద్ధి. ‘మీ గోరెంగ్’ అనే వేపుడు నూడుల్సును అక్కడి భారతీయ ముస్లిములు తమ మసాలాలతో మరో రూపానికి తెచ్చారు. గొలుసు హోటలు కొత్త దేశానికి తగినట్టు వంటకాన్ని మార్చాలంటే మూలసంస్థ అనుమతి కావాలి. హాకరుకు ఎదుటి మనిషి ముఖం చూస్తే చాలు. ఇలాంటి కలయికలు చిన్న అంగళ్ళలోనే ఎక్కువగా పుట్టటానికి కారణం అదే.

ఒక కాఫీ, నాలుగు భాషలు

హాకర్ సెంటరులో కాఫీ అడగటం ఒక భాషాపాఠం. ‘కోపి’ అంటే మలయ్ భాషలో కాఫీ. ఊరికే కోపి అంటే చిక్కటి తీపి పాలు కలిపి ఇస్తారు. ‘కోపి ఓ’ అంటే పాలు లేకుండా చక్కెరతో ఇస్తారు. ‘ఓ’ హోక్కియన్‌లో నలుపు. ‘కోపి సి’ అంటే తీపిలేని చిక్కపాలతో చక్కెర. ‘కోసోంగ్’ మలయ్ మాట, ఖాళీ లేక సున్నా అని అర్థం, కాబట్టి ‘కోపి ఓ కోసోంగ్’ అంటే పాలూ చక్కెరా రెండూ లేని కాఫీ. ‘సియూ దాయ్’ అంటే తీపి తగ్గించి. ‘పెంగ్’ అంటే మంచు వేసి. ఇవన్నీ అమ్మే చోటు ‘కోపితియాం’. అందులో మొదటి సగం మలయ్, రెండో సగం హోక్కియన్. ‘తే తారిక్’ అంటే లాగిన తేనీరు. ఒక గ్లాసు నుంచి మరో గ్లాసులోకి ఎత్తునుంచి పోస్తూ నురగ తెప్పిస్తారు. అది చూసినప్పుడు మద్రాసు కాఫీ హోటళ్ళు గుర్తుకు రానివారుండరు.

మలయ్‌లో అంగడిని ‘కెడాయ్’ అంటారు. అది తమిళ ‘కడై’ నుంచి వెళ్ళిన మాట. తమిళనాడులో పెరిగిన తెలుగు విద్యార్థి కోయంబత్తూరులోనో మదురైలోనో రోజూ పలికిన మాట సముద్రం దాటి అంగడి బోర్డు మీద కనబడుతుంది. తమిళం సింగపూరులో నాలుగు అధికార భాషల్లో ఒకటి కాబట్టి, టెక్కాలో తమిళం తెలిసిన విద్యార్థికి ఇబ్బంది లేదు. తెలుగు పరిస్థితి వేరు. 1975 నుంచి సింగపూరు తెలుగు సమాజం ఉంది, తెలుగు కుటుంబాలున్నాయి. కాని అక్కడి పాఠశాలల్లో మాతృభాషగా తీసుకోదగ్గ భారతీయ భాషల్లో తమిళం, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు లేదు. బడిలో చోటు లేని భాష ఇంట్లోనూ పండుగలోనూ అన్నం దగ్గరా బతకాలి. ఈ సంగతి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు.

వరసలు కూడా గమనించదగినవి. సింగపూరు హాకర్ సెంటరులో పెద్దవారిని ‘అంకుల్’, ‘ఆంటీ’ అని పిలుస్తారు. మలయ్ అంగడిలో ‘అబాంగ్’ అంటే అన్న, ‘మాక్‌చిక్’ అంటే పిన్ని వంటి పిలుపు. తమిళ అంగడిలో ‘అణ్ణే’. బెంగుళూరులో మీరు ‘అణ్ణా’ అంటారు, పుణేలో ‘కాకా’, ‘మావశీ’ అంటారు, బరంపురంలో ‘భాయి’ అంటారు. ఎక్కడ చూసినా అన్నం పెట్టేవారిని జనం చుట్టరికంతోనే పిలుచుకున్నారు. గొలుసు హోటల్లో అబ్బాయి చొక్కాకు అతని పేరు రాసి ఉంటుంది, అయినా ఎవరూ ఆ పేరుతో పిలవరు.

ఒక విద్యార్థిని ఊహించుకుందాం. విజయనగరం జిల్లా నుంచి తరాల కిందట బరంపురం వచ్చి స్థిరపడ్డ కుటుంబం ఆమెది. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. ఆమెకు మలయ్ రాదు, చైనీయ భాష రాదు, తమిళం కూడా రాదు. మొదటి రోజు వేలు చూపించి తింటుంది. రెండో వారానికి ‘కోపి సియూ దాయ్’ అంటుంది. మూడో వారంలో ఆమె నోరు తెరవకముందే అంగడి ఆంటీ చక్కెర తగ్గించి కలుపుతుంది. పరీక్షల సమయంలో రెండు రోజులు రాకపోతే మూడో రోజు ‘ఒంట్లో బాగాలేదా?’ అని అడుగుతుంది. పరదేశంలో ఒంటరిగా ఉన్న పిల్లకు ఈ ఒక్క ప్రశ్న విలువెంతో హాస్టల్లో జ్వరంతో పడుకున్నవారికి తెలుసు.

కొన్ని ఆచరణ విషయాలు

శాకాహారులు చిన్న అంగళ్ళలో జాగ్రత్తగా ఉండాలి. కూరగాయల వంటకంలోనూ ‘బెలచాన్’ అనే రొయ్యల ముద్ద ఉండవచ్చు. ‘ఇకాన్ బిలిస్’ అంటే ఎండు నెత్తళ్ళు. ఈ రెండు మాటలు మొదట నేర్చుకోవాలి. మరోవైపు, చైనీయ బౌద్ధ సంప్రదాయపు శాకాహార అంగళ్ళు అనేక హాకర్ సెంటర్లలో ఉంటాయి. ఆ సంప్రదాయంలో ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధం. ఇంట్లో అమ్మమ్మ పాటించే నియమం చైనీయుల అంగడిలో ఎదురవటం ఆశ్చర్యంగా ఉంటుంది. ముస్లిం విద్యార్థులు హలాల్ ధ్రువపత్రం చూసుకోవచ్చు. ఖాళీ పళ్ళేలు తిరిగి పెట్టే అరలు కూడా హలాల్‌కు వేరుగా ఉంటాయి. తిన్న పళ్ళెం మనమే తీసుకెళ్ళి పెట్టటం 2021 నుంచి అక్కడ తప్పనిసరి.

ధర విషయం. భోజనశాలల ధరలపట్టికలో అంకె పక్కన రెండు కూడిక గుర్తులు కనిపిస్తే, దానికి 10 శాతం సేవారుసుము, ఆపైన పన్ను కలుస్తాయని అర్థం. ఆ పన్ను 2024 నుంచి 9 శాతం. హాకర్ అంగడిలో బోర్డు మీద ఉన్నదే ధర. బల్ల మీద చిన్న కాగితపు రుమాళ్ళ పొట్లం ఒంటరిగా కనిపిస్తే ఎవరో మరచిపోయారని తీయకండి. ఆ చోటు తమదని గుర్తుగా పెట్టివెళ్ళారు. దాన్ని ‘చోప్’ చేయటం అంటారు. మన బస్సు సీటు మీద తువ్వాలు వంటిదే.

చిన్న అంగడి గొలుసైతే?

ఈ రెండు పక్షాల మధ్య గోడ శాశ్వతం కాదు. సింగపూరు చైనాటౌన్ కాంప్లెక్సులో చాన్ హాన్ మెంగ్ అనే హాకరు సోయా పులుసులో వండిన కోడి, అన్నం అమ్మేవాడు. పళ్ళెం ధర రెండు సింగపూరు డాలర్ల దరిదాపు. 2016లో ఫ్రాన్సుకు చెందిన మిషెలిన్ సంస్థ, హిల్ స్ట్రీట్ తై హ్వా అనే నూడుల్సు అంగడికీ ఇతని అంగడికీ చెరొక నక్షత్రం ఇచ్చింది. వీధితిండికి ఆ గౌరవం దక్కటం అదే మొదలు. ఆ తరువాత పెట్టుబడిదారులు ముందుకొచ్చారు. చాన్ పేరుతో శాఖలు వెలిశాయి, ఇతర దేశాల్లోనూ తెరుచుకున్నాయి. 2021 నాటికి ఆ నక్షత్రం పోయింది. గొలుసు కావటం వల్లనే పోయిందని మనం తీర్పు చెప్పలేం. ఒక చేతిలో ఉన్న వంటను పద్ధతిగా మార్చి పదిమంది చేతుల్లో పెట్టటం ఎంత కష్టమో మాత్రం దీన్నిబట్టి ఊహించవచ్చు.

గొలుసంటే పాశ్చాత్యులదే అనుకోవటమూ పొరపాటు. 1981లో మద్రాసు కె.కె.నగర్‌లో మొదలైన శరవణ భవన్ 2000లో దుబాయిలో శాఖ తెరిచి అనేక దేశాలకు విస్తరించింది. పరదేశంలో మనకు తెలిసిన సాంబారు దొరకటం గొప్ప ఊరట, కాదనలేం. అయితే అది కూడా తెలిసిన పేరు, ముందే తెలిసిన రుచి. ఆ ఊరితో అది మనల్ని కలపదు. మనవాళ్ళ గొలుసులోనే మూడేళ్ళు తిన్నా పైన చెప్పిన లోటు లోటుగానే ఉంటుంది.

చిన్న అంగళ్ళకు అసలు ప్రమాదం బర్గరు నుంచి మాత్రమే రావటం లేదు. సింగపూరు హాకర్ల వయస్సు 60 ఏళ్ళ దరిదాపుల్లో ఉంది. పొయ్యి దగ్గర పగలంతా నిలబడే పనిలోకి చదువుకున్న పిల్లలు రావటం లేదు. సరుకుల ధరలు పెరుగుతున్నాయి, తినేవారు మాత్రం పాత ధరే ఉండాలంటారు. శిక్షణ పథకాలతో ప్రభుత్వం కొత్తవారిని తేవటానికి ప్రయత్నిస్తున్నది. యునెస్కో పట్టికలో చేరినంత మాత్రాన పొయ్యి వెలగదు. రోజూ వచ్చి తినేవారుండాలి. వంద మందిలో ఒకరైనా విద్యార్థి ఆ లెక్కలో ఉంటాడు.

కాబట్టి విదేశం వెళ్ళేవారు మొదటి వారం గొలుసు హోటల్లో తింటే తప్పులేదు. అర్ధరాత్రి దాకా చదువుకోవటానికి వెలుతురున్న బల్ల కావలసివస్తే అక్కడికే వెళ్ళవచ్చు. వారానికి నాలుగు పూటలైనా ఒకే చిన్న అంగడికి వెళ్ళటం మాత్రం అలవాటు చేసుకోవాలి. రోజుకొక కొత్త చోటు తిరిగితే రుచులు తెలుస్తాయి గాని మనుషులు తెలియరు. అడిగేటప్పుడు ఇంగ్లీషు తెలిసినా వారి మాటే వాడాలి. తప్పు పలికితే నవ్వుతారు. ఆ నవ్వుతోనే పరిచయం మొదలవుతుంది.

ఇప్పట్లో ఎక్కడికీ వెళ్ళనివారికి ఒక అభ్యాసం. మీ వీధిలో రోజూ వెళ్ళే మెస్సుకో, ఖానావళికో, దర్శినికో ఒక చిన్న నోటుపుస్తకం తీసుకెళ్ళండి. వంటకాల పేర్లు, కొలతల మాటలు, ‘ఇంకొంచెం’, ‘చాలు’, ‘పొట్లం కట్టండి’ అనటానికి వాడే మాటలు, యజమానిని పిలిచే వరస రాసుకోండి. వాటిలో ఏవి మీ ఇంటి తెలుగులోకి వచ్చాయో గుర్తుపెట్టండి. హొసూరులో తెలుగు మాట్లాడే ఇంట్లో వినబడే మాట బళ్ళారిలో వినబడకపోవచ్చు, యానాంలో మరోలా ఉండవచ్చు. నిఘంటువులకు ఎక్కని మాటలు చాలావరకు వంటింట్లోనూ పూటకూళ్ళ ఇంట్లోనూ ఉన్నాయి. ఆ అంగడి మూతపడితే వాటిలో కొన్ని దానితోపాటే పోతాయి. ఈలోగా వెళ్ళి, ఆకలికి తిని, నాలుగు మాటలు రాసుకురండి.